జ్ఞాపకానికి ఆధారం అడిగే సాయంత్రాలు

బ్రిటన్‌లోని అనేక పట్టణాల్లో నెలకొక సాయంత్రం, చర్చికి అనుబంధమైన మందిరంలోనో మాజీ సైనికుల క్లబ్బులోనో గ్రంథాలయంలోని ఒక గదిలోనో కొన్ని పదుల మంది చేరి, మొదటి ప్రపంచ యుద్ధంలోని ఏదో ఒక ఘట్టంపై అతిథి వక్త చేసే ప్రసంగాన్ని సుమారు గంటసేపు విని, ఆపైన ఆ వక్తను ప్రశ్నలతో పరీక్షిస్తారు. వచ్చేవారిలో చరిత్ర ఆచార్యులు అరుదు. విశ్రాంత ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, నర్సులు, చిరుద్యోగులు, తమ ముత్తాత పేరును ఊరి యుద్ధ స్మారకంపై చూసి అతనెవరో తెలుసుకోవాలనుకున్నవారు ఎక్కువ. ఇటువంటి సభలు నడిపే సంఘాల్లో ప్రముఖమైనది వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్. వెస్టర్న్ ఫ్రంట్ అంటే పశ్చిమ రణరంగం. 1914 చివరి నెలల నుంచి 1918 నవంబరు వరకు, బెల్జియం సముద్రతీరం మొదలు స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా సుమారు 700 కిలోమీటర్ల పొడవున మిత్రరాజ్యాల సేనలు ఒకవైపు, జర్మన్ సేనలు మరొకవైపు కందకాలు తవ్వుకుని తలపడిన రేఖకు ఆ పేరు స్థిరపడింది.

పైకి చూస్తే ఈ సభలు విశ్రాంత జీవితంలోని కాలక్షేపంగా కనిపించవచ్చు. కానీ వాటి నిర్వహణలోని పద్ధతులను దగ్గరగా పరిశీలిస్తే, యుద్ధాన్ని గురించి సమాజం నమ్ముతూ వచ్చిన ప్రతి మాటకూ ఆధారం అడిగే అలవాటును సామాన్య పౌరుల్లో పెంచి నిలబెట్టిన సంప్రదాయంగా అవి గోచరిస్తాయి. మరణించిన సైనికుణ్ణి కీర్తించడం సులభం. అతను ఏ రోజున, ఏ చోట, ఏ ఆజ్ఞను పాటిస్తూ మరణించాడో నిర్ధారించడం కష్టం. ఈ సంఘాలు ఆ కష్టమైన పనినే గౌరవంగా ఎంచుకున్నాయి.

సంప్రదాయపు పుట్టుక

సైనిక చరిత్రను సభల్లో చర్చించే అలవాటు 20వ శతాబ్దంలో కొత్తగా పుట్టినది కాదు. భారతదేశంలోనే 1870లో సిమ్లాలో కల్నల్ చార్లెస్ మెక్‌గ్రెగర్ పూనికతో యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ ఏర్పడి, సైనికాధికారుల ఉపన్యాసాలకు, వ్యాసాలకు వేదికగా నిలిచింది. లండన్‌లో 1921లో సైనిక చరిత్ర పరిశోధనకే ప్రత్యేకించిన సంఘం వెలసి, పత్రికను వెలువరించసాగింది. అయితే ఇవి ప్రధానంగా అధికారులకూ పండితులకూ చెందిన వేదికలు. ఆసక్తి తప్ప మరే అర్హతా అవసరం లేని సభకు తొలి ప్రసిద్ధ నమూనా అమెరికాలోని షికాగోలో కనిపిస్తుంది. అక్కడ లింకన్‌కు, అమెరికా అంతర్యుద్ధానికి సంబంధించిన పుస్తకాలు అమ్మే రాల్ఫ్ న్యూమన్ దుకాణంలో తరచు కలుసుకునే చదువరులు 1940లో ‘సివిల్ వార్ రౌండ్ టేబుల్’ అనే బృందంగా ఏర్పడి, క్రమం తప్పకుండా ప్రసంగాలు ఏర్పాటు చేసుకోవడంతో, ఆ పద్ధతి తదుపరి దశాబ్దాల్లో అమెరికాలోని అనేక నగరాలకు వ్యాపించింది.

వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ 1980లో జాన్ గైల్స్ చొరవతో ప్రారంభమైంది. యుద్ధభూముల్లో పర్యటించి, నాటి చిత్రాల సరసన నేటి చిత్రాలను చేర్చి పుస్తకాలు రూపొందించిన ఆయన, ఆ యుద్ధంలో పాల్గొన్న తరం కనుమరుగయ్యే లోపు వారి జ్ఞాపకాన్ని నిలబెట్టే సంస్థ ఒకటి ఉండాలని భావించాడు. యుద్ధాన్ని కీర్తించకుండా, రాజకీయాలకు తావివ్వకుండా, ఏ పక్షాన పోరాడినవారినైనా సమంగా స్మరించాలన్నది సంఘం తొలినాటి నుంచి ప్రకటించిన ఆశయం. 1964లో బీబీసీ ప్రసారం చేసిన 26 భాగాల ‘ది గ్రేట్ వార్’ ధారావాహిక రచయితల్లో ముఖ్యుడైన జాన్ టెరైన్ దీనికి గౌరవాధ్యక్షుడిగా దీర్ఘకాలం వ్యవహరించాడు. సంఘ పత్రికకు పెట్టిన ‘స్టాండ్ టు!’ అన్న పేరు కందకాల జీవితం నుంచి వచ్చింది. తెల్లవారుజామున, సాయంసంధ్యలో శత్రువు దాడి చేసే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ రెండు వేళల్లో సైనికులందరూ ఆయుధాలతో కందకపు అంచున సిద్ధంగా నిలబడాలని ఇచ్చే ఆజ్ఞ అది.

ప్రారంభ కాలం ఈ సభలకు ఒక ప్రత్యేక అదృష్టాన్ని ఇచ్చింది. 1914లో 18 ఏళ్ల వయసున్న సైనికుడు 1980 నాటికి 84 ఏళ్ల వృద్ధుడు. అందువల్ల తొలి సంవత్సరాల్లో శ్రోతల మధ్య ఆ యుద్ధంలో స్వయంగా పాల్గొన్నవారు కూర్చునే అవకాశం ఉండేది. బెల్జియంలోని పాషెండేల్ వద్ద పోరాడిన హ్యారీ ప్యాచ్ 2009 జూలైలో 111 ఏళ్ల వయసులో మరణించడంతో, పశ్చిమ రణరంగపు కందకాల్లో యుద్ధం చేసిన బ్రిటిష్ సైనికుల తరం ముగిసిపోయింది. ప్రత్యక్ష సాక్షి లేని పరిస్థితిలో సాక్ష్యం చెప్పవలసిన భారం కాగితాల మీద, పటాల మీద, నేల మీద పడింది. వాటిని చదవగలిగే నేర్పు సభ్యులకు అవసరమైంది.

సభ నడిచే తీరు

సంఘం బ్రిటన్ అంతటా, కొన్ని ఇతర దేశాల్లోనూ శాఖలుగా విస్తరించింది. ప్రతి శాఖకూ ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, వక్తలను కుదిర్చే బాధ్యుడు ఉంటారు. వీరెవరూ జీతగాళ్లు కారు. సంవత్సరానికి సరిపడా ప్రసంగాల పట్టికను ముందుగానే సిద్ధం చేసి, నెలలో ఫలానా వారం ఫలానా రోజున సభ అని స్థిరపరచడం ఈ వ్యవస్థకు పునాది. తేదీ మారని సభకు శ్రోతలు అలవాటుపడతారు. అలవాటుపడిన శ్రోతలకు ఒక ప్రసంగంలో విన్న విషయాన్ని మరో ప్రసంగంతో పోల్చుకునే శక్తి క్రమంగా వస్తుంది. ఒకే ఒక్క ఉపన్యాసం వినోదంగా మిగిలిపోవచ్చు గాని, పదేళ్లపాటు నెలనెలా విన్న ఉపన్యాసాలు సామాన్య శ్రోతకు ఒక పాఠ్యక్రమంతో సమానమవుతాయి.

సభ సాధారణంగా అధ్యక్షుడి ప్రకటనలతో మొదలై, ప్రసంగంతో కొనసాగి, తేనీటి విరామం తర్వాత ప్రశ్నలతో ముగుస్తుంది. హాలు అద్దెకూ వక్త ప్రయాణానికీ అయ్యే ఖర్చును ప్రవేశద్వారం దగ్గర ఇచ్చే చిన్న విరాళం, ఏదో పాత పుస్తకాన్ని బహుమతిగా పెట్టి జరిపే లక్కీ డ్రా భరిస్తాయి. గోడవారగా ఉన్న బల్లపై సభ్యులు తెచ్చిన పటాలు, పతకాలు, పాత పుస్తకాలు ఉంటాయి. తేనీటి విరామానికి ఈ పద్ధతిలో తనదైన ప్రయోజనం ఉంది: నలుగురిలో లేచి మాట్లాడటానికి జంకే సభ్యుడు, తన ఇంట్లో దొరికిన ఉత్తరాన్నో ఫొటోనో వక్తకు చూపించేది అప్పుడే, అలాంటి సంభాషణలు మరుసటి సంవత్సరపు ప్రసంగాలకు బీజమవుతాయి.

వక్తల ఎంపికలో పట్టాలకు, పదవులకు ప్రాధాన్యం తక్కువ. ఒక నెల విశ్వవిద్యాలయ ఆచార్యుడు మాట్లాడిన వేదికపై మరో నెల తన ఊరి స్మారకంలోని పేర్లపై ఏళ్ల తరబడి శ్రమించిన గృహిణి మాట్లాడుతుంది. ఇద్దరికీ ఒకే సమయం, ఒకే రకమైన ప్రశ్నలు. ఈ సమానతకు చరిత్రలో బలమైన సమర్థన ఉంది. 1916 జూలై 1న, అంటే ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధం మొదటి రోజున, బ్రిటిష్ సైన్యం 57,470 మంది సైనికులను కోల్పోయింది. మృతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు కలిసిన ఈ సంఖ్యలో మరణించినవారే 19,240 మంది. ఆ ఒక్క రోజుపై 1971లో వెలువడి నేటికీ ప్రామాణికంగా నిలిచిన గ్రంథాన్ని రాసిన మార్టిన్ మిడిల్‌బ్రూక్ వృత్తిరీత్యా లింకన్‌షైర్‌లోని కోళ్ల పెంపకందారు. యుద్ధభూమిని సందర్శించి చలించిన ఆయన, ఆనాటి దాడిలో బతికి బయటపడిన వందలాది మందిని వెతికి, వారి మాటలను సైనిక పత్రాలతో సరిచూసి ఆ పుస్తకం రూపొందించాడు. నెలవారీ సభ ఈ రకమైన శ్రమను గుర్తించి ప్రోత్సహించే స్థలం.

అంశాన్ని చిన్నది చేయడం

మంచి ప్రసంగానికి మొదటి నియమం అంశాన్ని కుదించడం. ‘మొదటి ప్రపంచ యుద్ధం’ అన్న అంశంపై గంటసేపు మాట్లాడే వక్త అందరికీ తెలిసిన మాటలే చెప్పగలడు. ఒక బెటాలియన్, ఒక గ్రామం, ఒక ఉదయం అన్న పరిధికి కట్టుబడిన వక్త కొత్త సంగతి చెప్పగలడు. బెటాలియన్ అంటే నిండు బలంతో ఉన్నప్పుడు సుమారు వెయ్యి మంది ఉండే పదాతి దళం. అటువంటివి కొన్ని కలిస్తే బ్రిగేడ్, బ్రిగేడ్లు కొన్నింటికి ఫిరంగి, ఇంజనీరింగ్, వైద్య విభాగాలు చేరితే డివిజన్ అవుతాయి. ఊరి చరిత్ర బెటాలియన్ స్థాయిలోనే యుద్ధ చరిత్రతో కలుస్తుంది. 1914లో ఒకే పట్టణానికి, ఒకే మిల్లుకు, ఒకే వీధికి చెందిన యువకులు కలిసి చేరితే కలిసే సేవ చేయవచ్చునన్న హామీతో ‘పాల్స్’ బెటాలియన్లు, అంటే స్నేహితుల దళాలు, ఏర్పడ్డాయి. లాంకషైర్‌లోని అక్రింగ్టన్ నుంచి, దాని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెళ్లిన అటువంటి దళం సోమ్ మొదటి రోజున సెర్ గ్రామంపై దాడి చేసినప్పుడు, ముందుకు సాగిన సుమారు 720 మందిలో 584 మంది మరణించడమో, గాయపడటమో, గల్లంతవడమో జరిగింది. కలిసి చేరినవారు కలిసే కూలిపోవడంతో ఒక్క ఉదయపు దుఃఖం ఒకే ప్రాంతపు ఇళ్లపై పడింది. ఈ విషాదాన్ని దేశపు సగటు లెక్కలు చూపలేవు. ఆ ఊరి వీధుల పేర్లు తెలిసిన వక్త చూపగలడు.

కుదింపు అంటే దాడులూ ప్రతిదాడులకే పరిమితం కావడం కాదు. శత్రువు ఫిరంగి మోత వేర్వేరు మైక్రోఫోన్లకు చేరే కాలవ్యత్యాసాన్ని బట్టి ఆ ఫిరంగి స్థానాన్ని కనుగొనే పద్ధతిని అభివృద్ధి చేసిన లారెన్స్ బ్రాగ్, 1915లో తండ్రితో కలిసి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రజ్ఞుడు. 1917 జూన్ 7న మెసీన్ కొండవాలు కింద 19 భారీ మందుపాతరలను పేల్చిన సొరంగ దళాల్లో బొగ్గుగనుల కార్మికులు అనేకులు. తొడ ఎముక విరిగిన సైనికుడి కాలిని కదలకుండా బిగించే థామస్ స్ప్లింట్ వాడకం విస్తరించిన తర్వాత ఆ గాయం వల్ల కలిగే మరణాలు బాగా తగ్గాయి. భౌతికశాస్త్రం, గనుల పని, శస్త్రవైద్యం, రైల్వే రవాణా, గుర్రాల పోషణ ఇలా ఒక్కొక్కటీ ఒక సాయంత్రపు అంశమవుతుంది. ఆయా వృత్తుల్లో జీవితం గడిపిన శ్రోతలు అటువంటి ప్రసంగాలకు పుస్తకాల్లో దొరకని వివరణలు జోడిస్తారు.

ఆధారాలను చదివే పద్ధతి

ఈ సభల్లో తరచుగా వినిపించే ఆధారం వార్ డైరీ. యుద్ధరంగంలోని ప్రతి దళమూ రోజువారీగా తన కదలికలను, చర్యలను, నష్టాలను నిర్ణీత ఫారంపై నమోదు చేయవలసి ఉండేది. సాధారణంగా దళాధిపతికి కార్యనిర్వహణలో తోడ్పడే అడ్జుటెంట్ అనే అధికారి దాన్ని రాసేవాడు. బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో ‘డబ్ల్యూఓ 95’ అనే వరుసలో భద్రమైన ఈ డైరీలు అమూల్యమైనవే గాని, వాటిని యథాతథంగా నమ్మరాదని అనుభవజ్ఞులు మొదటే హెచ్చరిస్తారు. భీకర పోరు జరిగిన రోజున డైరీ రాసే అధికారే మరణించి ఉండవచ్చు. ఆ పుటను ప్రాణాలతో మిగిలిన మరో అధికారి కొన్ని రోజుల తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడి పూరించి ఉండవచ్చు. అధికారుల నష్టాలను పేర్లతో రాసిన డైరీలు సాధారణ సైనికుల నష్టాలను తరచు సంఖ్యతో సరిపెడతాయి. అందువల్ల ఒక సామాన్య సైనికుడి చివరి రోజును తెలుసుకోవాలంటే డైరీ దగ్గర ఆగిపోకుండా, అతని పేరు నమోదైన ఇతర పత్రాల వైపు వెళ్లవలసి వస్తుంది.

అక్కడ పెద్ద అగాధం ఎదురవుతుంది. సైనికుల సేవా పత్రాల్లో సుమారు 60 శాతం, అవి నిల్వ ఉన్న లండన్ భవనంపై 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులు పడినప్పుడు కాలిపోయాయి. మిగిలినవాటిలోనూ చాలా కాగితాలు అంచులు మాడి, నీటికి తడిసి ఉన్నాయి. ఈ లోటును పూరించడానికి పరిశోధకులు పతకాల కార్డులను ఆశ్రయిస్తారు. సైనికుడికి రావలసిన పతకాలను నమోదు చేసిన ఈ చిన్న కార్డు పైకి గుమాస్తా లెక్కగా కనిపించినా, చదవడం తెలిసినవారికి చాలా చెబుతుంది. 1914-15 స్టార్ అనే పతకం ఉందంటే అతను 1915 ముగిసేలోపే యుద్ధరంగంలో అడుగుపెట్టాడు. నిర్బంధ సైనిక సేవకు చట్టం 1916 జనవరిలో వచ్చింది కాబట్టి అతన్ని ఆ చట్టం యుద్ధానికి పంపలేదు. ఒక పతకం పేరు నుంచి ఒక మనిషి నిర్ణయం దాకా సాగే ఇటువంటి తర్కాన్ని మెట్టుమెట్టుగా శ్రోతలకు చూపడం మంచి వక్త లక్షణం.

ఆధారాల రక్షణలో సంఘం స్వయంగా చేసిన అతి పెద్ద సేవ పింఛను కార్డులకు సంబంధించినది. గాయపడిన సైనికులకు, మృతుల భార్యలకు, పిల్లలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు చెల్లించిన పింఛన్ల వివరాలున్న 60 లక్షలకు పైగా కార్డులు, లెడ్జర్లు రక్షణ శాఖకు అక్కరలేనివై, నాశనమయ్యే ప్రమాదంలో పడినప్పుడు, వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ వాటిని తన సంరక్షణలోకి తీసుకుని, డిజిటల్ రూపంలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చే ఏర్పాటు చేసింది. సేవా పత్రాలు కాలిపోయిన లక్షలాది సైనికుల గాయాలు, చిరునామాలు, పిల్లల పుట్టిన తేదీలు ఈ కార్డుల ద్వారా తిరిగి వెలుగులోకి వచ్చాయి. నెలనెలా కలుసుకునే స్వచ్ఛంద సభ్యుల సంఘం ఒక జాతి జ్ఞాపకాల భాండాగారాన్ని కాపాడిన ఈ ఘటన ఒక్కటి చాలు, ఈ సభలకు కాలక్షేపానికి మించిన సామర్థ్యం ఉందని చెప్పడానికి.

పటాలు చదవడం మరో విద్య. బ్రిటిష్ కందక పటాలు తరచు 1:10,000 ప్రమాణంలో, అంటే పటంపై ఒక సెంటీమీటరుకు నేలపై 100 మీటర్ల చొప్పున తయారయ్యాయి. ప్రతి పటాన్నీ అక్షరాలతో గుర్తించిన పెద్ద చదరాలుగా, వాటిని 1,000 గజాల భుజం గల సంఖ్యల చదరాలుగా, ఆ చదరాలను మళ్లీ నాలుగు చిన్న చదరాలుగా విభజించి, చివరికి దశాంశాలతో ఒక బిందువును సూచించే ఏర్పాటు ఉండేది. డైరీలో అక్షరాలు, అంకెలు కలిసిన గొలుసుగా కనిపించే ఆ సంకేతాన్ని విప్పగలిగితే ఒక మరఫిరంగి స్థానాన్ని నేడు దున్నిన పొలంలో కొన్ని గజాల తేడాతో గుర్తించవచ్చు. అయితే 1918 తొలి నెలల దాకా జర్మన్ కందకాలను ఎరుపుతోను, బ్రిటిష్ కందకాలను నీలంతోను చూపిన ముద్రణ పద్ధతి, ఫ్రెంచ్ పటాలతో పొత్తు కుదరడం కోసం ఆ తర్వాత తారుమారైంది. తేదీ చూడకుండా రంగును నమ్మిన పాఠకుడు శత్రువును మిత్రుడిగా పొరబడతాడు.

ప్రశ్నల ఘట్టం

ప్రసంగం పూర్తయ్యాక అధ్యక్షుడు సభను ప్రశ్నలకు తెరిచే క్షణం ఈ సంప్రదాయానికి గుండెకాయ. ‘ఈ సంగతి మీకు ఎలా తెలిసింది’ అన్నది అక్కడి మొదటి ప్రశ్న. ‘అవతలి పక్షం దీన్ని ఎలా నమోదు చేసింది’ అన్నది రెండోది. ఈ రెండో ప్రశ్నకు జవాబు తేలిక కాదు. పోట్స్‌డామ్‌లోని ప్రష్యన్ సైనిక అభిలేఖాగారం 1945 ఏప్రిల్‌లో వైమానిక దాడికి గురై అధిక భాగం నశించడంతో, జర్మన్ వైపు కథను బవేరియా, వుర్టెంబర్గ్ సైన్యాల మిగిలిన పత్రాల నుంచి, యుద్ధానంతరం అచ్చయిన రెజిమెంట్ చరిత్రల నుంచి కూర్చుకోవలసి ఉంటుంది. అయినా ఆ ప్రశ్న అడగడం మానకపోవడం వల్లే స్వదేశ వీరగాథగా మొదలైన ప్రసంగం ఇరుపక్షాల చరిత్రగా పరిణతి చెందుతుంది.

భిన్నాభిప్రాయాలను సభామర్యాదతో భరించడం కూడా ఇక్కడ నేర్చుకునే విద్యే. బ్రిటిష్ సేనాని డగ్లస్ హేగ్ గురించిన వివాదం ఇందుకు ఉదాహరణ. 1961లో అలన్ క్లార్క్ రాసిన ‘ది డాంకీస్’ 1915 నాటి సేనానులను మూర్ఖులుగా చిత్రిస్తే, 1963లో జాన్ టెరైన్ హేగ్‌ను నేర్చుకుంటూ ఎదిగిన సేనానిగా సమర్థిస్తూ జీవితచరిత్ర రాశాడు. 1916లో సోమ్ వద్ద అంతటి నష్టం పొందిన సైన్యమే 1918 ఆగస్టు 8న అమియెన్ వద్ద ఫిరంగులు, ట్యాంకులు, విమానాలు, పదాతి దళాలను సమన్వయించి ఘనవిజయం సాధించింది. ఈ మార్పు సేనానుల ప్రతిభ వల్ల వచ్చిందా, కింది స్థాయి అధికారుల అనుభవం వల్లా, పరిశ్రమల ఉత్పత్తి వల్లా, శత్రువు అలసట వల్లా అన్న చర్చకు ఒక్క సాయంత్రంలో తీర్పు రాదు. రావలసిన అవసరమూ లేదు. వాదించేవారు ఆవేశం నుంచి ఆధారానికి మళ్లితే సభ తన పని చేసినట్లే. సైనిక న్యాయస్థానాలు మరణశిక్ష విధించి కాల్చి చంపిన సైనికుల విషయంలోనూ ఇదే జరిగింది: దశాబ్దాల వాదోపవాదాల తర్వాత 2006లో బ్రిటిష్ పార్లమెంటు, రణరంగం నుంచి పారిపోవడం, పిరికితనం వంటి నేరాలపై శిక్షకు గురైన 306 మందికి చట్టం ద్వారా క్షమాభిక్ష ప్రసాదించింది.

నేలపై నడిచి చదవడం

నాలుగు గోడల మధ్య విన్న ప్రసంగానికి కొనసాగింపు యుద్ధభూముల పర్యటన. ఇంపీరియల్ వార్ మ్యూజియం ఉద్యోగిని రోజ్ కూంబ్స్ 1976లో వెలువరించిన మార్గదర్శి గ్రంథం ఎందరో యాత్రికులకు దారి చూపింది. సోమ్ ప్రాంతపు నేల పైకి చదునుగా అనిపించినా, నడిచి చూసినవారికి స్వల్పమైన ఎత్తుపల్లాలు ఎంత ప్రాణాంతకమో బోధపడుతుంది. కొద్ది మీటర్ల ఎత్తున నిలిచిన మరఫిరంగికి వందల గజాల మేర మైదానం కనిపిస్తుంది. జాడ తెలియని 72,000 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కిన థీప్వాల్ స్మారకం ముందు నిలబడినప్పుడు, పటంపై చూసిన గీతలు మనుషుల ప్రాణాలతో కొలవదగినవని సందర్శకుడు గ్రహిస్తాడు.

భారత సైనికులు, తెలుగు నేల

ఈ సభల్లో భారత సైనికుల ప్రస్తావన గత కొన్ని దశాబ్దాల్లో పెరిగింది, అది పెరగవలసినదే. 1914 శరత్కాలంలో బ్రిటిష్ సేన కుప్పకూలే స్థితిలో ఉన్నప్పుడు లాహోర్, మీరట్ డివిజన్లు ఫ్రాన్స్ చేరి ఆ రేఖను నిలబెట్టడంలో పాలుపంచుకున్నాయి. 1915 మార్చిలో న్యూవ్ షపెల్ గ్రామంపై జరిగిన దాడిలో భారత దళాల పాత్ర పెద్దది. అక్కడ 1927లో ఆవిష్కరించిన స్మారకంపై పశ్చిమ రణరంగంలో సమాధి తెలియకుండా మరణించిన 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఉన్నాయి. వారు ఇళ్లకు రాసిన ఉత్తరాల నుంచి సైనిక సెన్సార్ అధికారులు అనువదించి ఉంచిన భాగాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో చదవడానికి దొరుకుతాయి. అవి విలువైనవే అయినా, పరాయి చూపు వడపోసిన మాటలని గుర్తుంచుకుని చదవవలసినవి.

స్మరణలోని అసమానతను ఒప్పుకోవడానికి కూడా పరిశోధనే దారితీసింది. మృతుల సమాధుల బాధ్యత వహించే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 1917లో, అధికారికీ సిపాయికీ భేదం చూపరాదన్న సూత్రంతో ఏర్పడినప్పటికీ, ఆసియా, ఆఫ్రికా సైనికుల విషయంలో ఆ సూత్రం ఎన్నోచోట్ల భగ్నమైందని 2021 ఏప్రిల్‌లో తన నివేదిక ద్వారా అంగీకరించింది. అదే ఏడాది, లాహోర్ మ్యూజియంలో దశాబ్దాలుగా పడి ఉన్న పంజాబ్ రిజిస్టర్ల నుంచి సుమారు 3,20,000 మంది సైనికుల వివరాలు, వారి గ్రామాల పేర్లతో సహా డిజిటల్ రూపంలో వెలువడసాగాయి. గ్రామం పేరు దొరికిన చోట సైనికుడు మళ్లీ ఒక కుటుంబానికి చెందిన మనిషి అవుతాడు.

తెలుగు ప్రాంతాలకు ఈ పద్ధతి వర్తించే తావులు కొదవ లేదు. తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపి, నేటికీ ఇంటింటా సైనిక సేవను కొనసాగిస్తూ మిలిటరీ మాధవరంగా పేరు తెచ్చుకుంది. హైదరాబాద్ లాన్సర్లు అనే అశ్విక దళం ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో సేవ చేసింది. ఢిల్లీలో 1922లో వెలసిన తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూరు దళాలకు ప్రతీకలు. ఆ స్మారకాన్ని చూసినవారు 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా నగరంపై మూడు దళాలూ సమంగా దూకాయని భావించడం సహజమే గాని, మూడూ ఒకే బ్రిగేడ్‌కు చెందినవైనా నగరంపై దాడి చేసిన గౌరవం జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లది. ఇటువంటి సవరణ హైదరాబాద్ దళం సేవను తగ్గించదు. ఆ దళం నిజంగా చేసిన పనిని వెతికి చెప్పవలసిన బాధ్యతను పెంచుతుంది.

మరింత వెనక్కి వెళితే, 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని తరతరాల జంగం కథలు ఒక విధంగా నిలుపుకుంటే, 18వ శతాబ్దంలోనే రాబర్ట్ ఆర్మ్ రాసిన ఆంగ్ల చరిత్ర మరో విధంగా నమోదు చేసింది. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సేనను ఓడించిన పోరు, 1794 జూలై 10న పద్మనాభం వద్ద విజయనగరం పాలకుడు విజయరామరాజు నేలకొరిగిన పోరు కూడా ఇలాగే కథకూ కాగితానికీ మధ్య నిలిచి ఉన్నాయి. కథ చెప్పేదాన్ని పత్రంతో, పత్రం చెప్పేదాన్ని నేలతో సరిచూడటానికి ఆయా ఊళ్ల పొలాలు, కోటగోడలు, కుటుంబాల ఇళ్లలోని కాగితాలు ఎదురుగానే ఉన్నాయి. ఇటువంటి కృషికి తెలుగువారికి సొంత వారసత్వమూ ఉంది: 1922లో రాజమహేంద్రవరంలో నెలకొన్న ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెనుక న్యాయవాదిగా జీవించిన భావరాజు వెంకట కృష్ణారావు వంటివారి పూనిక ఉంది. చరిత్రను జీవనోపాధిగా కాక జీవితాశయంగా ఎంచుకున్న ఆ తరం నడిపిన మండళ్లకు, బ్రిటన్ పట్టణాల సభలకు స్వభావంలో పెద్ద తేడా లేదు.

సంప్రదాయపు విలువ

యుద్ధ జ్ఞాపకం అధికారంలో ఉన్నవారికి ఎప్పుడూ ఆకర్షణీయమైన వస్తువు. ఆధారం లేని వీరగాథతో ఒక తరాన్ని మరో యుద్ధానికి ఉసిగొల్పవచ్చు, ఆధారం లేని నిందతో ఒక తరం త్యాగాన్ని వ్యర్థమని కొట్టిపారేయవచ్చు. ఈ రెండింటికీ సభలో ప్రశ్న అడగడం నేర్చిన పౌరుడే అడ్డుకట్ట. పైగా ఇటువంటి సంఘాన్ని నిలబెట్టడానికి భారీ నిధులు గాని భవనాలు గాని అక్కరలేదు. మారని తేదీ, అద్దెకు దొరికే గది, తన ఆధారాలను బయటపెట్టడానికి సిద్ధపడే వక్త, వినయంగా అయినా వెనుకాడకుండా అడిగే శ్రోతలు చాలు. ఈ సంప్రదాయానికి నేడు ఉన్న నిజమైన ముప్పు సభ్యుల వయసు. యువతను ఆకర్షించడానికి పాఠశాలలతో, కళాశాలలతో సంబంధం పెంచుకోవడం, ప్రసంగాలను దూరప్రాంతాలవారూ వినేలా ప్రసారం చేయడం వంటి ప్రయత్నాలు అందుకే అవసరమయ్యాయి.

మన ఊళ్లలో మాజీ సైనికుల కుటుంబాల పెట్టెల్లో పతకాలు, డిశ్చార్జి పత్రాలు, పింఛను పుస్తకాలు, రణరంగం నుంచి వచ్చిన కార్డులు చెదలకు, చెమ్మకు లోనవుతున్నాయి. వాటిని పోగుచేసి దాచడం మొదటి మెట్టు మాత్రమే. వాటిని నలుగురి ముందు చదివి, తేదీలను ఒకదానితో మరొకటి సరిచూసి, తప్పు దొరికితే దిద్ది, సందేహం మిగిలితే సందేహంగానే రాసిపెట్టే సభలు ప్రతి జిల్లా కేంద్రంలోనూ నడవాలి. ప్రాణమిచ్చిన సైనికుడికి సమాజం చెల్లించగల గౌరవాల్లో పూలదండ ఒక రోజుకు సరిపోతుంది. అతని గురించి నిజమే చెబుతామన్న దీక్షను మాత్రం నెలనెలా నిలబెట్టుకోవలసి ఉంటుంది.